క్రిస్మస్ నాడు దూకిన రాజు

ఆ రోజుల్లో మా బోధన్ వైపు సంవత్సరానికి రెండే కాలాలు ఉండేవి. చక్కెర ఫ్యాక్టరీ నడిచే కాలం ఒకటి, నడవని కాలం ఒకటి. నడిచే కాలాన్ని అందరూ సీజన్ అనేవారు. సీజన్‌లో ఊరంతా మడ్డి వాసన, రోడ్డంతా చెరకు బండ్లు, ఫ్యాక్టరీ చుట్టూ జోరీగల్లా మనుషులు. సీజన్ అయిపోగానే ఈగలు కూడా నిజామాబాద్ బస్సెక్కి వెళ్లిపోయాయేమో అనిపించేంత నిశ్శబ్దం. ఆ ఈగల మాదిరే నేనూ సీజన్ మనిషిని. (పోల్చుకోవడానికి ఇంతకన్నా మంచి జీవి దొరకలేదా అని మా ఇంటావిడ అడుగుతుంది. దొరకలేదు.) అట్లాంటివాణ్ణి ఏడాది పొడుగునా జీతం తినే మనిషిని చేసింది మా ల్యాబు పెద్దసారు. ఆ కథంతా ఒక క్రిస్మస్ రోజున, చదరంగం బల్ల మీద జరిగింది. నా తెలివి వల్ల మాత్రం జరగలేదని ముందే మనవి చేసుకుంటున్నాను.

మాది భీమ్‌గల్ దగ్గర పసుపు పండించే ఇల్లు. పీయూసీ ఎట్లాగో గట్టెక్కి ఫ్యాక్టరీ ల్యాబులో చేరాను. గంటకోసారి చెరకు రసం సీసాలో పట్టుకొచ్చి, గాజు జాడీలో పోసి, అందులో గీతలున్న గాజు కడ్డీని తేల్చి, అది ఎంత తీపి చూపిస్తే అంత పుస్తకంలో రాయడం నా పని. ఆ అంకెను బ్రిక్స్ అంటారు. రెండు సీజన్లు అట్లా గడిచాయి. మూడో సీజన్‌కు బయల్దేరుతుంటే బాపు గడప దగ్గరే తేల్చేశాడు. “గీ యేడు పర్మినెంట్ అయితే సరే. కాకుంటే ఇంటికొచ్చి పసుపు ఉడకవెట్టు. నడిమిట్ల ఊగులాడుడు నాతోని గాదు.” పసుపు ఉడకబెట్టడమంటే ఏమిటో చేసినవాళ్లకు తెలుసు. పొగకు కళ్లు ఎర్రబడతాయి, మిగతా మనిషంతా పచ్చబడతాడు. ఇక పర్మినెంట్ సంగతి. సీజన్ ఆఖరున పెద్దసారు తన చేత్తో పేరు రాసి పంపాలి. ఆ యేడు ఒక్క పేరే రాస్తారని ల్యాబులో గుసగుస. ఆశపడేవాళ్లం నలుగురం.

పెద్దసారు మెదక్ వైపు క్రైస్తవుల కుటుంబం మనిషి. నవ్వడం తక్కువ, చూడటం ఎక్కువ. ఒకరోజు చాయ్ వేళలో నేను ల్యాబు బల్ల మీద సుద్దముక్కతో గళ్లు గీసి, సీసా బిరడాలు బంట్లుగా, చిన్న సీసాలు ఏనుగులు గుర్రాలుగా పెట్టి నాతో నేనే షత్రంజ్, అదే చదరంగం, ఆడుకుంటుంటే వెనక వచ్చి నిలబడ్డారు. మెమో ఖాయమనుకున్నాను. ఆయన కాసేపు చూసి, “ఎవరు గెలుస్తున్నరు?” అన్నారు. “నేనే సార్,” అన్నాను. (రెండు వైపులా నేనే కదా, అబద్ధం కాదు.) “క్రిస్మస్ నాడు పగటీలి మా ఇంటికి రా. ఒక చేయి చూద్దాం. ప్రతి యేడు నాతోని ఆడే డాక్టర్ గారు బదిలీ అయి పోయిండ్రు,” అని వెళ్లిపోయారు.

ఈ సంగతి బ్రిక్స్ అన్నకు చెప్పడం నేను చేసిన మొదటి పొరపాటు. బ్రిక్స్ అన్న మా ల్యాబులో అందరికన్నా పాతవాడు, ఆ అంకె పేరే ఆయనకు పడింది. లోకంలో దేని గురించైనా సలహా ఇవ్వగలడు, అడగకుండా కూడా. నన్ను పక్కకు తీసుకుపోయి భుజం మీద చెయ్యేశాడు. “సూడు తమ్మీ, గది ఆట గాదు, పరీక్ష. సారును గెల్వనియ్యి. పండుగ పూట, ఇంటి నిండ సుట్టాల ముంగట, సీజన్ పోరని చేతుల ఓడిపోయిండంటే ఇగ నీ పేరు రాస్తడా? కానీ గలీజుగ ఓడిపోకు. మంచిగ కొట్లాడినట్టు కనవడాలె.” నాకు ఆ మాట వేదంలా తోచింది. ఇక ఆ వారమంతా బిరడాలతో ఓడిపోవడం సాధన చేశాను. నా ఎదుటివాడూ నేనే కాబట్టి ఎంత బాగా ఓడిపోయినా గెలుస్తుండేవాణ్ణి. అదొక చిక్కు.

క్రిస్మస్ నాడు పక్క గది మిత్రుడి ప్యాంటు (నడుము దగ్గర నాకు ఒకటిన్నర రెట్లు) బెల్టుతో బిగించి, చేతిలో పసుపు కొమ్ముల మూటతో క్వార్టర్స్‌కు వెళ్లాను. క్రైస్తవుల పండుగకు ఏం తీసుకుపోవాలో తెలియదు, మా ఇంట్లో పండేది అదొకటే. సారు భార్యను ఊరంతా టీచరమ్మ అనేవారు. ఆమె మూట విప్పి వాసన చూసి, “అబ్బ, ఏడాది కూరకు సరిపోతది బిడ్డా, కూసో,” అని చేతిలో గరిజెల (కజ్జికాయలే) పళ్లెం పెట్టింది. వరండాలో వెదురుపుల్లల నక్షత్రం వేలాడుతోంది. లోపల ఒక మూల గడ్డితో కట్టిన పశువుల పాకలో మట్టి గొర్రెలు, ముగ్గురు జ్ఞానులు, రెండు ఒంటెలు. ఇంటి నిండా చుట్టాలు, చర్చి నుంచి వచ్చిన పాస్టరు గారు, ల్యాబు నుంచి బ్రిక్స్ అన్న. ఆయన్ను పిలిచారో, ఆయనే వచ్చాడో ఇప్పటికీ తెలియదు.

సారు బీరువాలోంచి ఒక చెక్కపెట్టె తెచ్చారు. అందులో నేనెప్పుడూ చూడని పావులు. వాళ్ల నాన్న మిషను ఆసుపత్రిలో కంపౌండరుగా ఉన్నప్పుడు దొర డాక్టరు ఒక క్రిస్మస్‌కు ఇచ్చిన బహుమతి అట. ఏడాదికి ఆ ఒక్కరోజే పెట్టె తెరుస్తారు. రాజు నెత్తిన చిన్న సిలువ. నేను వజీరు అనుకున్నది రాణి. ఒంటె ఉండాల్సిన చోట చీలిన టోపీ పెట్టుకున్న ఒక పొడుగు మనిషి. “ఈయనెవరు సార్?” అంటే, “బిషప్పు. పెద్ద పాస్టరు,” అన్నారు. నా మొహం చూసి, పావులు పేరుస్తూ చెప్పారు. “ఈ ఆట పుట్టింది మన దిక్కేనయ్యా. ఈడికెళ్లి పారసీకపోళ్లు, అరబ్బులు పట్కపోయిండ్రు, వాళ్ల కాడికెళ్లి దొరలకు పోయింది. ఆడ మన మంత్రి రాణి అయింది, అప్పట్ల ఒంటె జాగల ఉన్న మన ఏనుగు బిషప్పు అయిండు. మళ్ల వాళ్లే ఓడల వెట్టుకొచ్చి మా నాయినకు క్రిస్మస్ బహుమతి ఇచ్చిండ్రు. వాళ్ల దేశంల ఒకప్పుడు పనివాళ్లకు ఏడాదంత ఆటలు బంద్ ఉండెనట. క్రిస్మస్ దినాలల్ల మాత్రం ఇజాజత్. అందుకే ఈ పూట నేను సారును గాదు, నువ్వు నౌకరువు గాదు. ఆడు.” మన ఇంటి పిల్ల పరదేశం పోయి, పేరూ వేషమూ మార్చుకుని పండుగకు పుట్టింటికి వచ్చినట్టుంది అనుకున్నాను. కానీ నా బుర్ర నిండా ఎట్లా ఓడిపోవాలన్నదే ఉంది కాబట్టి ఆ మాటల విలువ అప్పుడు తెలియలేదు.

ఆట మొదలైంది. నాలుగో ఎత్తుకే నా రాణిని ఆయన బంటు చంపే గడిలో నిలబెట్టాను. ఆయన దాన్ని చూసి, నన్ను చూసి, “చూస్కున్నవా?” అన్నారు. “చూస్కున్న సార్.” తీసేశారు. తర్వాత ఒక ఏనుగు, ఇంకో ఏనుగు. వెనక నిలబడ్డ బ్రిక్స్ అన్న మెచ్చుకోలుగా గొంతు సవరించాడు. సారు మొహం మాత్రం ఎత్తు ఎత్తుకూ గంభీరంగా మారుతోంది. నేను దాన్ని గెలుపు గర్వం అనుకున్నాను.

అప్పుడు జరిగింది. ఆయన తన రాణిని మెల్లగా నా రాజు దగ్గరకు తెచ్చి పెట్టారు. ఇంకా షహ్ చెప్పలేదు, అంటే రాజుకు నేరుగా గురిపెట్టలేదు. ఇక్కడ మా ఊరి ఆట గురించి చెప్పాలి. మా తాత, మా ఊరి దర్జీ సాయిబు ఇద్దరూ సాయిబు కుట్టిన బట్ట మీద షత్రంజ్ ఆడేవారు. నాకు ఆట వచ్చింది వాళ్ల దగ్గరే. ఆ ఆటలో ఎదుటివాడు ఒక్కసారీ షహ్ చెప్పకముందు రాజు ఒకే ఒక్కసారి గుర్రంలా దూకవచ్చు. దూకినప్పుడు తొడ చరిచి, పక్కింటికి వినబడేలా “దుంకిండు!” అని అరవాలి. అరవకపోతే ఆ ఎత్తు చెల్లదు. ఇప్పుడు నా రాజుకు సరిగ్గా గుర్రపు దూకుడు దూరంలో సారు రాణి కూర్చుని ఉంది. నేను ఓడిపోవడానికి వచ్చిన సంగతి నాకు గుర్తుంది కానీ నా చేతికి గుర్తు లేదు. రాజు లేచాడు, రాణి మీద పడ్డాడు, నేను తొడ చరిచి “దుంకిండు!” అని అరిచాను. పాస్టరు గారి చేతిలో గరిజె రెండు ముక్కలైంది. చంటిపిల్ల ఎవరో ఏడ్చింది.

“ఎవరు దుంకిండు?” అన్నారు సారు.

“రాజు సార్.”

“రాజు గుర్రమెప్పుడయిండు?”

“ఒక్కసారి అయితడు సార్. మా తాత ఆటల ఉన్నది.”

పాస్టరు గారు కల్పించుకుని, “బాబూ, ఆ రాజు నెత్తి మీద సిలువ ఉన్నది. సిలువ వెట్టుకున్నోడు గట్ల ఎగురుడు మంచిగుండదు,” అన్నారు. నాకు రోషం వచ్చింది. “మా తాత రాజుకు సిలువ లేకుండె గదండీ. అయినా ఆట మనదేనని సారే చెప్పిండ్రు. దొరలు రాణిని చేసిండ్రు, బిషప్పును చేసిండ్రు, రాజు దుంకుడు మర్చిపోయిండ్రు. తప్పు మా తాతది ఎట్లయితది?” అన్నాను. అంతటితో ఆగలేదు. సాయిబు నలభై ఏళ్లుగా దూకిస్తున్నాడనీ, ఒక్కరూ కాదనలేదనీ, కాదనేవాళ్లు వచ్చి మా తాతతో మాట్లాడుకోవచ్చనీ (ఆయన పోయి మూడేళ్లయింది) బల్ల గుద్ది వాదించాను. టీచరమ్మ పైట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. నా వాదన అయ్యాక గానీ ఎవరితో వాదించానో గుర్తు రాలేదు. వెంటనే నాకు పొగలో నిలబడ్డ బాపు, ఉడుకుతున్న పసుపు కనిపించాయి. బ్రిక్స్ అన్న అప్పటికే గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కుంటున్నాడు.

సారు నిదానంగా అన్నారు. “రాణిని నా నోట్ల వెడితివి, రెండు ఏనుగులను వెడితివి, కిక్కురుమనలే. ఒక్క దుంకుడు కోసం మాత్రం నా ఇంట్ల, నా పండుగ నాడు నాతోని కొట్లాడుతున్నవ్. ఇందాక ఆడినోడు ఎవడు, ఇప్పుడు కొట్లాడేటోడు ఎవడు?”

అబద్ధం ఆడటానికి ఓపిక లేదు. “ఓడిపోదామనే ఆడిన సార్. మీరు నారాజ్ అయితే పేరు రాయరని,” అన్నాను.

“అంటే, రేపు నేను రసం తీపి పద్దెనిమిది అన్న అనుకో. కడ్డీ పదహారు చూపించింది. ఏం రాస్తవ్?”

“కడ్డీ ఏం చూపిస్తే అదే రాస్త సార్.”

“నేను నారాజ్ అయినా?”

ఆయన అడిగింది ఆట గురించి కాదని అప్పుడు అర్థమైంది. తప్పు అంకె మీద పాకం వండితే మొత్తం వంట చెడిపోతుంది. పైవాడి మొహం చూసి అంకె రాసేవాడు ల్యాబుకు పనికిరాడు. ఇంతసేపూ నేను ఆయన ముందు కూర్చుని, పనికిరానని వరుసగా రుజువులు ఇస్తూ వచ్చాను. “అయినా అదే రాస్త సార్,” అన్నాను చివరికి. ఆ మాట నిజమే.

“అయితే పావులు వెట్టు. ఈసారి గెల్వనీకె ఆడు. నీ దుంకుడు నీకు ఇస్తున్న. మీ తాత మీద గౌరవంతోని.”

ఆడాను. ఒళ్లు దగ్గర పెట్టుకుని, తాతనూ సాయిబునూ తలుచుకుని, చెమటలు పట్టేలా ఆడాను. రాజును దూకించాను, తొడ చరిచాను, అరిచాను. ఇరవై ఎత్తుల్లో చిత్తుగా ఓడిపోయాను. వారం రోజుల పాటు ఓడిపోవడం సాధన చేశానే, ఆ కష్టమంతా వృథా! అవసరమే లేకపోయింది.

సారు లేచి చేతులు కడుక్కున్నారు. వెళ్లిపోతున్నారనుకుంటే బగారా అన్నం గిన్నె పట్టుకుని వచ్చారు. ఆ ఇంట్లో ఒక ఆనవాయితీ ఉందట. ఆటలో గెలిచినవాడు మిగతా అందరికీ వడ్డించాలి. “ప్రభువు పుట్టిందే వడ్డించెతందుకు. ఈ పూట గెలిచినోడు కూసుంటే ఎట్ల?” అన్నారు. మా ల్యాబు మొత్తం ఎవరి అడుగుల చప్పుడు వింటే నిలబడుతుందో, ఆ మనిషి వంగి నా విస్తరిలో అన్నం, మాంసం కూర వడ్డించారు. నేను లేవబోతే భుజం మీద చెయ్యేసి కూర్చోబెట్టారు. బ్రిక్స్ అన్న చెప్పులు వదిలేసి తిరిగొచ్చి, నా పక్కనే కూర్చుని మూడుసార్లు పెట్టించుకున్నాడు.

సీజన్ ఆఖరున వచ్చిన కాగితంలో నా పేరు ఉంది. బాపు పసుపు మూట ఒకటి కట్టి, “సారు ఇంట్ల ఇయ్యి,” అన్నాడు. ఆ తర్వాత సారు రిటైరై మెదక్ వెళ్లేదాకా పదకొండు క్రిస్మస్‌లు ఆ బల్ల ముందు కూర్చున్నాను. ఒక్కసారి కూడా కావాలని ఓడిపోలేదు. ఒక్కసారి కూడా గెలవలేదు. పదకొండు సార్లూ ఆయనే వడ్డించారు. నా బతుకంతా ఆయన పెట్టిన అన్నమే అని ఇప్పుడు చెప్పడానికి నాకేమీ సిగ్గు లేదు, ఆయనకు అప్పుడే చెప్పలేదన్నదే సిగ్గు. ఇరవై ఏళ్ల వయసులో ఓడిపోవడానికి అంత ఆరాటపడ్డ ఆ పిచ్చి పోరణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. వాడికి తెలియదు, ఒక్క ఆట గెలిచి, ఒక్క గరిటె అన్నం ఆయన విస్తరిలో పెట్టాలని జీవితాంతం కోరుకుంటాడని.