అంతరిక్షంలో మా నాన్న, పెదనాన్న

కాకినాడలో మేం సినిమాలు చూసిన ఆ థియేటరు ఇప్పుడు లేదు. పడగొట్టి ఫర్నిచర్ షాపు కట్టారు. మొన్న మా అమ్మాయికి చదువుకునే బల్ల కొనడానికి వెళ్ళి, సోఫాలు పేర్చిన చోట నిలబడి, తెర ఇక్కడే కదా ఉండేది అనుకున్నాను. అమ్మాయి రెండుసార్లు పిలిచినా నాకు వినబడలేదట.

నాకు అంతరిక్షం సినిమాల పిచ్చి పట్టించింది మా అమ్మే, అదీ పొరపాటున. మాది కాకినాడకి ఉత్తరాన సముద్రపు ఒడ్డున ఉన్న పల్లె. నాన్న పడవ మీద చేపల వేటకి వెళ్ళేవాడు. అమ్మ చేపల గంప ఎత్తుకుని టౌన్లో అమ్మేది. నేను ఆరో తరగతిలో ఉండగా ఒక సెలవు రోజు గంప తొందరగా ఖాళీ అయిందని అమ్మ నన్ను భక్తి సినిమాకి తీసుకెళ్ళింది. టిక్కెట్లు అయిపోయాయి. "ఇంత దూరం వచ్చి ఊరికే పోతావేంటి" అంటూ పక్క హాల్లోకి లాక్కెళ్ళింది. అక్కడ ఆడుతున్నది తెలుగులోకి డబ్బింగ్ చేసిన రాకెట్ల సినిమా. అమ్మ పేర్లు పడుతుండగానే నిద్రపోయింది. నేను రెప్ప వెయ్యలేదు. బయటికొచ్చాక రోడ్డు మీద రిక్షాలూ బస్సులూ అన్నీ ఏదో చిన్న గ్రహం మీద తిరుగుతున్నట్టు కనిపించాయి.

అప్పటినుంచీ ఆకాశానికి సంబంధించిన సినిమా ఏది వచ్చినా వదల్లేదు. పేపర్లో గ్రహాల బొమ్మలు వస్తే కత్తిరించి నోట్సులో అంటించుకునేదాన్ని. నాన్నకి ఇదంతా నవ్వులాట.

"ఆకాశం చూడ్డానికి టిక్కెట్టెందుకే? రా, పడవలో పడుకో, ఊరికే చూపిత్తాను" అనేవాడు. చూపించేవాడు కూడా. గొల్లకావిడి, పిల్లలకోడి, వేగుచుక్క, ఇలా చుక్కల పేర్లన్నీ ఆయన దగ్గరే నేర్చుకున్నాను. కానీ నాతో సినిమాకి మాత్రం ఎప్పుడూ రాలేదు.

చదువైంది, పెళ్ళైంది, కాకినాడలోనే ఒక ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. మా అమ్మాయి మూడో తరగతిలో ఉండగా నేను ఏడాదిగా ఎదురుచూస్తున్న సినిమా ఒకటి త్రీడీలో వచ్చింది. ఇంజను పాడైపోయిన అంతరిక్ష నౌకలో దారీతెన్నూ లేకుండా కొట్టుకుపోయే ఐదుగురి కథ. ఈసారి ఇంటిల్లిపాదినీ తీసుకెళ్ళాలని పట్టుబట్టాను. వారం ముందు నుంచే అందరికీ పాఠాలు మొదలుపెట్టాను. బరువు లేకపోవడం అంటే ఏంటో, అక్కడ శబ్దం ఎందుకు వినబడదో అన్నం తినేటప్పుడు కూడా చెబుతుంటే మావారు, "టిక్కెట్టుతో పాటు పరీక్ష కూడా ఉంటాదేంటి?" అన్నారు.

నాన్న యథాప్రకారం రానన్నాడు. మనవరాలు ఆయన చెయ్యి పట్టుకుని ఆటో దాకా లాక్కొచ్చింది.

ఆదివారం మాట్నీ. అమ్మ, నాన్న, మావారు, అమ్మాయి, నేను. గుమ్మంలో ఇచ్చిన త్రీడీ కళ్ళజోళ్ళు పెట్టుకుని ఒకళ్ళని చూసి ఒకళ్ళం నవ్వుకున్నాం. మొదటి అరగంట నాన్న నోరు ఊరుకోలేదు.

"ఇంజను ఆగిపోతే అంతలా కంగారు పడకూడదు. ముందు ఉన్న నీళ్ళెన్నో చూసుకోవాలి."

ముందు వరసలో ఆయన వెనక్కి తిరిగి, "పెద్దాయనా, కాస్త నెమ్మదండి" అన్నాడు.

"ఆయ్, అలాగేనండి" అన్నాడు నాన్న. కానీ తెర మీద కెప్టెను, నాన్న చెప్పినట్టే, నీళ్ళు ఎన్ని మిగిలాయో చూడమన్నాడు. నాన్న నా మోచేతిని పొడిచాడు.

విశ్రాంతి తర్వాత ఒక సీను వచ్చింది. కెప్టెను రోజుకి తలా ఒక చిన్న నీళ్ళ సంచీ ఇస్తున్నాడు. అందరికీ ఇచ్చి, తను పక్కకి తిరిగి తాగినట్టు నటించి, తన వాటా మళ్ళీ డబ్బాలోనే పెట్టేస్తున్నాడు. నాన్న కళ్ళజోడు తీసేశాడు. లేచి బయటికి నడిచాడు.

కథ అసలైన చోటికి వచ్చింది. థియేటర్లో మధ్యలో లేవడమన్నది నేను అంతవరకూ ఎరగను. ఇప్పుడే వచ్చేస్తాడులే అనుకున్నాను. రెండు నిమిషాలు తెర చూశాను గానీ ఏమీ బుర్రకెక్కలేదు. లేచి వెళ్ళాను.

నాన్న మెట్ల మీద కూర్చుని ఉన్నాడు.

"ఒంట్లో బాలేదా నాన్నా?"

"బానే ఉందమ్మా." హాలు తలుపు వంక చూపించి అన్నాడు, "అది మా అన్నయ్యే."

నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పాడు, నేను పుట్టకముందు జరిగిన సంగతి. అన్నదమ్ములిద్దరూ వేటకి వెళ్తే నడి సముద్రంలో ఇంజను చచ్చిపోయింది. గాలికి నాలుగు రోజులు కొట్టుకుపోయారు. ఉన్నది ఒక్క క్యాను నీళ్ళు.

"అన్నయ్య మూతతో కొలిచి పోసేవోడు. నాకో మూత, తనకో మూత. తను అటు తిరిగి తాగేవోడు. నాలుగోరోజు ఎవరో బోటోళ్ళు చూసి, తాడేసి లాక్కొచ్చేరు. ఒడ్డుకొచ్చి క్యాను ఎత్తితే బరువుగా ఉందమ్మా. సగానికి పైన ఉన్నాయి నీళ్ళు. తను తాగలేదని నాకప్పుడు తెలిసింది."

"నువ్వు అడగలేదా?"

"ఏవని అడగను?"

పెదనాన్న ఊళ్ళో మా నాన్నావాళ్ళింటికి రెండు వీధుల అవతల ఉండేవాడు. కలిసి కొన్న పడవ అమ్మాలా వద్దా అని మాటా మాటా పెరిగి, అప్పటికి ఆరేళ్ళుగా అన్నదమ్ములకి మాటల్లేవు. ఎదురుపడితే ఒకరు వీధి మారేవారు. నాలుగు రోజులు సముద్రం మీద కలిసి బతికిన వాళ్ళన్న సంగతి ఆ రోజు దాకా నాకు తెలియనే తెలియదు. లోపల సినిమా అయిపోయి జనం బయటికొచ్చేస్తున్నా మేమిద్దరం ఆ మెట్ల మీదే ఉన్నాం.

మర్నాడు నాన్న మా ఆఫీసుకి ఫోన్ చేశాడు. "అమ్మా, ఆ సినిమా ఇంకా ఉంటాదా? రెండు టిక్కెట్లు తియ్యి."

"అమ్మ మళ్ళీ చూస్తానందా?"

"అమ్మక్కాదు. అన్నయ్యకి."

ఎలా పిలిచాడో అమ్మ తర్వాత చెప్పింది. నేరుగా వెళ్ళి పెదనాన్న గుమ్మం బయట నిలబడి, "సినిమాకెల్దాం రా" అన్నాడట. పెదనాన్న, "ఏం సినిమా?" అని అడిగాడట, చొక్కా తొడుక్కుంటూనే.

తర్వాతి ఆదివారం ఇద్దరినీ నేనే తీసుకెళ్ళాను. అమ్మాయి కూడా వస్తానని ఏడిస్తే దాన్నీ ఎక్కించుకున్నాం. ఆటోలో ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకోలేదు. హాల్లో పక్కపక్కన కూర్చున్నారు. పెదనాన్నకి కంటి ఆపరేషన్ అయింది, తన అద్దాల మీద త్రీడీ అద్దాలు నిలవక చేత్తో పట్టుకుని చూశాడు. నీళ్ళ సీను వచ్చేసరికి నాన్న తెర వంక చూడ్డం మానేసి అన్నయ్య వంక చూడసాగాడు. నేనూ అటే చూశాను.

పెదనాన్న ముందుకి వంగి చూసి చూసి, "ఈడేంట్రా, మొత్తం మిగిల్చేత్తన్నాడు! పిచ్చోడిలా ఉన్నాడు" అన్నాడు. "నేను రోజూ రెండు గుక్కలు తాగేవోణ్ణి."

"నిజవేనా?" అన్నాడు నాన్న.

"మరి? నేనూ పోతే నిన్నెవడ్రా ఒడ్డుకి తెచ్చేది?"

నాన్న నవ్వేశాడు. హాల్లో అందరూ తిరిగి చూసేంత గట్టిగా నవ్వాడు. నవ్వుతూనే కళ్ళజోడు కింద నుంచి చెంపలు తుడుచుకున్నాడు. పెదనాన్న, "ఊరుకోరా, పిల్లలున్నారు" అని తన తువ్వాలు ఇచ్చాడు.

తిరిగొచ్చేటప్పుడు మాత్రం ఇద్దరికీ నోరు మూతపడలేదు. ఆ నౌక ఎటు తిప్పాల్సిందో, కెప్టెను ఎక్కడ తప్పు చేశాడో ఊరొచ్చేదాకా వాదించుకున్నారు. ఆ తర్వాత నాలుగైదేళ్ళు అలాంటి సినిమా ఏది వచ్చినా, "టిక్కెట్లు తీసేవా?" అని నాకంటే ముందు వాళ్ళే ఫోన్ చేసేవారు. పోయిన ఏడాది పెదనాన్న పోయాడు. నాన్న ఇప్పటికీ వస్తాడు, మాల్లో కొత్త హాలు మరీ చల్లగా ఉందని తిట్టుకుంటూ.

ఇంతకీ ఆ సినిమా ముగింపు నేను రెండోసారి కూడా చూడలేదు. తెర మీద ఏం జరిగిందో గమనిస్తే కదా! వాళ్ళతో వెళ్ళొచ్చిన వారంలోనే, గురువారం సగం రోజు సెలవు పెట్టి, ఎవరికీ చెప్పకుండా, ఒక్కదాన్నే వెళ్ళి చూశాను. నిజం చెప్పాలంటే ముగింపు అంత బాగా లేదు. అయినా ఎవరైనా ఆ సినిమా మాట ఎత్తితే, దాన్ని మించింది ఇంతవరకూ రాలేదని ఇప్పటికీ వాదిస్తాను.