పదకొండు రోజుల పరిశుద్ధ పట్టణం

ఆ మనిషిని మేమందరం అన్నా అని పిలిచేవాళ్లం. వారమంతా టైల్స్ షాపులో సూపర్‌వైజర్. ఆదివారం మాత్రం ఆక్లండ్ శివారు ఫ్లాట్ బుష్‌లోని తన ఇంటి గరాజ్‌లో మా చిన్న సంఘానికి కాపరి. గొంతు పెద్దది, చదివింది తక్కువ. నేను వృద్ధులుండే రెస్ట్ హోమ్‌లో నర్సుని, మా ఆయనది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. గుంటూరు వైపు నుంచి వచ్చినవాళ్లం. వారానికోసారి తెలుగులో పాట పాడుకునే చోటు దొరికితే చాలని ఆ గరాజ్‌కి చేరాం.

ఆక్లండ్‌లో లాక్‌డౌన్ పెట్టి, ఊరికి దక్షిణాన హైవే మీద పోలీసులు చెక్‌పాయింట్ నిలబెట్టిన వారమే అన్నకి ఎక్కడో ఒక వీడియో దొరికింది. ఆ ఆదివారం జూమ్‌లో ప్రసంగమంతా దాని గురించే.

"ఐదొందల ఏళ్ల కిందట జర్మనీలో మ్యూన్‌స్టర్ అని ఒక పట్టణం. దేవుని బిడ్డలు ఆ పట్టణాన్ని స్వాధీనం చేసుకున్నారు. చుట్టూ బిషప్ సైన్యం ముట్టడి వేసింది. అయినా లోపల నాది, నీది అన్న మాటే లేదు. అంతా ఒకే కుటుంబం. ఇప్పుడు మన చుట్టూ ఉన్నదేంటి? ముట్టడి కాదా?"

"ముట్టడే అన్నా," అన్నాడు మా ఆయన, మ్యూట్ తీసి మరీ.

రెండు రోజుల్లో నాలుగు కుటుంబాలు, మొత్తం పదహారుమందిమి, బియ్యం మూటలతో పచ్చడి సీసాలతో అన్న ఇంట్లో దిగాం. ఎవరి ఇంట్లో వాళ్లుండాలన్న రూల్ మాకు వర్తించదట, ఎందుకంటే అది పరిశుద్ధ పట్టణం. ఆ పరిశుద్ధ పట్టణానికి నాలుగు బెడ్‌రూములు, రెండు బాత్‌రూములు. పొద్దున్నే అక్కడి నుంచి డ్యూటీకి వెళ్లి ఎనభై, తొంభై ఏళ్ల ముసలివాళ్లకి అన్నం తినిపించేదాన్ని. అంతమందితో కలిసి ఉంటున్నానని పనిలో ఎవరికీ చెప్పలేదు. అన్నని ఎంత తిట్టుకున్నా ఈ పాపం నాదే.

మాతో వచ్చినవాళ్లలో కేర్ వర్కర్‌గా పనిచేసే ఒక ఆంటీ ఉండేది. భర్త పోయి మూడేళ్లు. ఆయన తెనాలిలో తెలుగు మాస్టారు. ఆయన పుస్తకాల పెట్టెని ఆమె ఏ ఇంటికి మారినా వెంట తెచ్చుకునేది. ఇక్కడికీ తెచ్చింది.

నాలుగో రోజు అన్నకి దర్శనం వచ్చింది. బైబిల్ తప్ప ఇంట్లో వేరే అక్షరం ఉండకూడదు. మ్యూన్‌స్టర్‌లోనూ అలాగే చేశారట. పెరట్లో బార్బెక్యూ వెలిగించారు. పిల్లల బొమ్మల కథలు, నా ఫార్మకాలజీ పుస్తకం, చివరికి ఆంటీ పెట్టె.

"ఆ నోటుబుక్కు ఆయన రాసుకున్న పద్యాలు బాబూ. అదొక్కటి ఉంచుకుంటాను," అంది ఆంటీ.

"లోకాన్ని పట్టుకుని పరలోకం కావాలంటే ఎలాగమ్మా?" అన్నాడు అన్న. అదే బార్బెక్యూ మీద క్రిస్మస్‌కి చికెన్ కాల్చిన మనిషి. నోటుబుక్కు పేజీలు కమిలిపోతుంటే, అన్నీ సరిగ్గా కాలేలా పట్టకారుతో తిప్పింది నేనే. ఆంటీ అక్కడి నుంచి కదల్లేదు, ఏడవనూ లేదు.

మర్నాడు పనిలో టీ బ్రేక్‌లో ఫోన్ తీసి ఆ పట్టణం కథ మొత్తం చదివాను. అన్న చెప్పింది సగమే. ఆ పట్టణాన్ని నడిపించిన ప్రవక్త గుప్పెడుమందిని వెంటేసుకుని సైన్యం మీదికి వెళ్లి ముక్కలైపోయాడు. తర్వాతివాడు తనే రాజునన్నాడు, పదహారుమందిని పెళ్లాడాడు. జనం ఎలుకల్ని తింటుంటే వాడి బల్ల మీద విందులు. చదివి ఫోన్ జేబులో పెట్టుకున్నాను. సాయంత్రం మళ్లీ ఆ ఇంటికే వెళ్లాను. మా ఆయన అక్కడున్నాడు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. నిజానికి ఎదురు చెప్పే ధైర్యం లేదు.

ఎనిమిదో రోజు ఉపవాసం మొదలైంది. పదో రోజు పొద్దున, తను వెళ్లి నిలబడితే చెక్‌పాయింట్ తెరుచుకుంటుందని అన్న ప్రకటించాడు. వ్యాన్‌లో తనూ, మా ఆయనా, ఇంకో ఇద్దరూ. ఆపైన నా వైపు తిరిగాడు.

"సిస్టర్, మీరూ రండి. మీ ఎసెన్షియల్ వర్కర్ లెటర్ తెచ్చుకోండి. ఎందుకైనా మంచిది."

సముద్రాన్ని చీల్చిన దేవుడి మీద అంత నమ్మకమున్న మనిషికి చెక్‌పాయింట్ దాటడానికి రెస్ట్ హోమ్ మేనేజర్ సంతకం కావాల్సి వచ్చింది. నేను నవ్వలేదు. లెటర్ తీసుకుని వ్యాన్ ఎక్కాను.

చెక్‌పాయింట్ దగ్గర పసుపు జాకెట్ వేసుకున్న ఒక పోలీసమ్మాయి లెటర్ చూసి, పని ఎక్కడ అని అడిగింది. అన్న నా వైపు చూశాడు.

"ఫ్లాట్ బుష్‌లో. ఈ దారి కాదు," అన్నాను.

"అయితే వెనక్కి తిప్పండి," అందామె.

"సారీ మేడమ్, సారీ," అని అన్న వ్యాన్ తిప్పాడు. మలుపు దాటేదాకా సారీ ఆగలేదు. జర్మనీ పిచ్చివాడు కనీసం కత్తులకి ఎదురు నడిచాడు. మావాడు ఇండికేటర్ వేసి మరీ తిరిగాడు. దారిలో ఫిష్ అండ్ చిప్స్ షాపు దగ్గర ఆపి, డ్రైవింగ్‌కి బలం కావాలని ఒక పొట్లం తిన్నాడు. ఇంట్లో పిల్లలు మూడు రోజులుగా గంజి తాగుతున్నారు.

ఇంటికొచ్చాక అందర్నీ గరాజ్‌లో కూర్చోబెట్టాడు.

"దారికి అడ్డంగా దేవదూత ఖడ్గంతో నిలబడింది. ఇంకొంతకాలం ఆగమంది."

వ్యాన్‌లో వచ్చిన ముగ్గురు మగాళ్లూ తలలు వంచుకున్నారు.

"దేవదూత కాదు, పోలీసమ్మాయి," అన్నాను. "మీరు ఆమెకి సారీ చెప్పారు. తర్వాత చిప్స్ తిన్నారు."

ఆంటీ లేచి, "పద తల్లీ, బట్టలు సర్దుకుందాం," అంది.

అప్పుడే ఆంటీ, నేను మా ఇంటికి వచ్చేశాం. మర్నాడు మేనేజర్‌కి ఫోన్ చేసి అంతా చెప్పాను. కోవిడ్ టెస్టుల్లో ఏమీ రాలేదు కానీ వార్నింగ్ లెటర్ వచ్చింది, రావాల్సిందే. ఆ సాయంత్రమే మా ఆయన బ్యాగ్ భుజాన వేసుకుని వచ్చాడు. ఆంటీ ఆర్నెల్లు మా దగ్గరే ఉంది. గుర్తొచ్చిన పద్యాలు కొత్త నోటుబుక్కులో రాసుకునేది. పదకొండు దాకా వచ్చాయి, అవీ కొన్ని సగం సగం.

అన్నకి ఏమీ కాలేదు. ఇప్పుడు ఒక స్కూల్ హాల్ అద్దెకు తీసుకున్నాడు, జనం కూడా పెరిగారు. మొన్న సూపర్‌మార్కెట్‌లో ఎదురుపడి, "వందనాలు, ఈమధ్య కనబడట్లేదే," అన్నాడు, ఏమీ జరగనట్టు. నేను ట్రాలీ తోసుకుని ముందుకి వెళ్లిపోయాను. వెనక నుంచి మా ఆయన గొంతు వినబడింది.

"వందనాలన్నా."

కారెక్కాక అడిగాను, ఎందుకు పలికావని.

"అలవాటు," అని సీట్ బెల్ట్ పెట్టుకున్నాడు.