ఉపవాసంలో ఉబ్బిన బుగ్గ

బహ్రెయిన్‌లో దిగిన రోజు నుంచి ఇక్కడి మా తెలుగు క్రైస్తవ సంఘానికి నేనొక నడిచే నవ్వులాట అయిపోయాను. ఎందుకంటే నా భార్యే నా కఫీల్. ఇక్కడ బయటి నుంచి వచ్చిన ప్రతి మనిషికీ పూచీ పడే మనిషి ఒకరుండాలి, ఆ పూచీదారే కఫీల్. సాధారణంగా అది ఒక కంపెనీ అవుతుంది, లేదా పాదాల దాకా తెల్ల చొక్కా వేసుకున్న పెద్దమనిషి అవుతాడు. నాకు మాత్రం రిఫాలో ఒక ప్రైవేటు క్లినిక్‌లో నర్సుగా పనిచేస్తూ, కాఫీలో పంచదార ఎక్కువైతే కనుబొమ ఒక్కటి పైకెత్తే మనిషి దొరికింది.

మా నాన్న నరసాపురం దగ్గర ఒక చిన్న సంఘానికి కాపరి. నేను అక్షరాలు నేర్చింది బైబిల్ వాక్యం చదవడానికే. ఇంటికి తల పురుషుడని ఎన్ని పెళ్ళిళ్ళలో గొంతెత్తి చెప్పానో లెక్కలేదు. అలాంటివాడి కాగితాల మీద ఇక్కడ పూచీదారు గడిలో భార్య పేరు రాశారు. ఇక్కడ సెలవు రోజు శుక్రవారం, ఆరాధనా ఆ రోజే. మొదటి వారం ఆరాధన అవగానే మా పెద్దన్న నా భుజం మీద చెయ్యి వేసి, "తమ్మీ, నీ కఫీల్ చాయ్ తాగనిస్తదా, పర్మిషన్ అడగాల్నా?" అన్నాడు. హాలంతా ఒకటే నవ్వు. మా ఆవిడ దూరం నుంచే, "తాగనివ్వండన్నా, లెక్క రాసుకుంటాను" అంది.

పెద్దన్న అంటే సొంత అన్న కాదు. జగిత్యాల దిక్కు నుంచి వచ్చి, హమద్ టౌన్ అవతల ఇళ్ళు కట్టే పనిలో ఫోర్‌మన్‌గా ఉన్నాడు. మా సంఘానికి పెద్ద. సనాబిస్‌లో ఒక దర్జీ కొట్టు పైన హాలు తీసుకుని, ప్రతి శుక్రవారం మా కోస్తా నుంచి ఇళ్ళల్లో పనికొచ్చిన అక్కచెల్లెళ్ళనూ, వాళ్ళ దిక్కు నుంచి కట్టుబడి పనికొచ్చిన అన్నదమ్ములనూ ఒక్క చోట కూర్చోబెట్టింది ఆయనే. ఒకే పాటను రెండు యాసల్లో పాడితే ఎంత బాగుంటుందో నేను అక్కడే విన్నాను.

అప్పుడు నేనున్నది విజిట్ వీసా మీద. పెళ్ళికి ముందు నుంచీ ఆవిడ ఇక్కడే. పెళ్ళయ్యాక మేం కాపురం చేసిందంతా ఆవిడ సెలవుల్లోనే. ఈసారి నా రెసిడెన్స్ కోసం ఆవిడ దరఖాస్తు పెట్టింది. విజిట్ గడువు అయ్యేలోపు అది మంజూరైతే నేనిక్కడే ఉంటాను. కాకపోతే పెట్టె సర్దుకుని వెళ్ళి, మళ్ళీ సెలవుల మొగుణ్ణి అవుతాను. ఉన్నది ఆ ఒక్క భయమే. మిగతాదంతా సంబరమే. రెండు కంచాలు కడుగుతూ కూడా పాట వచ్చేసేది నాకు. ఆవిడ నైట్ డ్యూటీ దిగి వచ్చే వేళకు ఉప్మా చేసి కిటికీ దగ్గర నిలబడేవాణ్ణి. క్లినిక్ వ్యాన్ మలుపు తిరగ్గానే గుండె కొట్టుకునేది. పెళ్ళయిన ఇన్నేళ్ళకు పెళ్ళిచూపుల కంగారు!

దరఖాస్తు కోసం సంఘం గొలుసు ఉపవాసం మొదలుపెట్టింది. మా వాళ్ళలో ఉన్న పద్ధతే అది. రోజుకొకరు చొప్పున వంతు వేసుకుని, ఆ రోజు ఆ మనిషి తిండి మానేసి ప్రార్థిస్తారు. గొలుసు ఎక్కడా తెగకూడదు. సరిగ్గా అప్పుడే పెద్దన్న నన్ను పక్కకు పిలిచాడు.

"తమ్మీ, ఒక మాట. కాయితాలు ఆఫీసుల ఉన్నన్ని దినాలు గోర్మెంటు దవఖాన తొవ్వ తొక్కకు. మందుగోలి గూడ ముట్టకు."

"ఎందుకన్నా?"

"కంప్యూటర్ల ఎక్కుతది. 'ఈడు వచ్చిందే సర్కారు మీద వడి బతకనీకి' అని రాస్తరు. ఇగ కాయితం రాదు. ఖలాస్."

"ఎవరు చెప్పారు?"

"వాయిస్ మెసేజ్ వచ్చింది. ఒక తెలుగు సిస్టర్ ఏడ్సుకుంట చెప్పింది. ఆమె పెనిమిటి కాయితాలు గట్లనే ఆగినయట. నేను అందరికి పంపిన."

"ఏ దేశంలో అన్నా?"

"గీ దుబాయి దిక్కే ఉంటది."

పెద్దన్నకు గల్ఫంతా దుబాయే. బహ్రెయిన్‌లో ఏళ్ళ తరబడి ఉంటూ, ఇంటికి ఫోన్ చేస్తే "దుబాయిల ఎండలు మస్తుగున్నయ్" అనే మనిషి. నాకు వెంటనే నమ్మబుద్ధేసింది. కోరుకున్నది మరీ తీపిగా ఉంటే దాన్ని ఎవరో లాగేసుకుంటారన్న మాట తొందరగా తలకెక్కుతుంది. ఆ వాయిస్ నా ఫోన్‌లోనూ ఉంది. ఆమె ఏడుపు మొదలుపెట్టగానే నేను ఆపేశాను, వినలేక.

ఆ తర్వాత టీ ఇచ్చారు. టీతో ఖర్జూరాలు. గింజ తీసినవని ఎవరో అన్నారు. నేను ఆ మాటను కూడా నమ్మాను. కటుక్కుమంది. కింది దవడలో వెనక పన్ను.

మర్నాటికి నొప్పి చెవిదాకా పాకింది. ఆ రోజు ఉపవాసం వంతు ఒక తమ్ముడిది. ఎండలో ఇటుకలు మోసే పని. ఫోన్ చేసి, "నీ వంతు నేను చేస్తానులే తమ్ముడూ, నువ్వు కడుపునిండా తిను" అన్నాను. ఆ పిల్లాడు, "అన్నా, నీది మస్తు పెద్ద మనసు" అన్నాడు. నొప్పితో నాకు మాట రాలేదు. అది వినయం అనుకున్నాడు. ఆ మర్నాడు ఇంకొకరి వంతు. తర్వాత ఒక అక్క వంతు. నమలలేనివాడికి ఉపవాసం ఎంత సులువో! అయినా మోసం చేశానని అనుకోను. ప్రార్థన మాత్రం నిజంగా చేశాను. నా జీవితంలో అంత గాఢంగా ఎప్పుడూ చేయలేదు. కాకపోతే, "ప్రభువా, రెసిడెన్స్" అని మొదలుపెట్టినవాణ్ణి, "ప్రభువా, పన్ను" దగ్గర తేలేవాణ్ణి.

సంఘం గ్రూపులో నా పేరు మారుమోగిపోయింది. అందరి భారం ఒక్కడే మోస్తున్నాడని సందేశాలు. పెద్దన్న అయితే చేతులు జోడించిన బొమ్మలు వరసగా పెట్టాడు.

ఇంట్లో నర్సును పెట్టుకుని పంటి నొప్పిని దాచడం ఎలాగంటారేమో. ఆవిడకు ఆ వారమంతా నైట్ డ్యూటీ. పగలు పరదాలు వేసి పడుకుంటుంది. లేచేసరికి నేను చీకట్లో, మెడకు తువాలు చుట్టుకుని, ఏసీ చలి అంటూ కూర్చునేవాణ్ణి. అన్నం వడ్డించి, "నాకు ఉపవాసం" అనేవాణ్ణి. ఆవిడ కళ్ళు చెమర్చేవి. ఆ కళ్ళు చూశాక నిజం చెప్పడం ఇంకా కష్టమైంది.

గురువారం మధ్యాహ్నం ఆవిడ లేస్తూనే పరదా బర్రున లాగింది.

"ఏవండీ, ఇటు తిరగండి."

కొట్టేవాడికి రెండో చెంప కూడా చూపాలని సండే స్కూల్లో ఎంతమంది పిల్లలకు నేర్పానో. ఆ రోజు అంతే భక్తితో నా రెండో చెంప చూపించాను.

"అది కాదు. ఆ పక్కది."

తువాలు తీసింది. చాలాసేపు చూసింది. తర్వాత మంచం మీద కూలబడి, కడుపు పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. "వారం రోజులు ఉపవాసం చేసి బుగ్గ పెంచిన మనిషిని మిమ్మల్నే చూశాను!"

నాకూ నవ్వు వచ్చింది. నవ్వితే ప్రాణం పోయింది. "నవ్వించకు" అని బతిమాలుతూ, నవ్వుతూ, ఏడుస్తూ, మొత్తం చెప్పేశాను. దవాఖానా, కంప్యూటరు, ఏడ్చిన సిస్టరు, అన్నీ.

"ఆ వాయిస్ పెట్టండి."

పెట్టాను. ఈసారి చివరిదాకా విన్నాం. పాపం ఆమె కష్టం నిజమే. భర్త కాగితాలు ఆగిపోయాయి, కారణం ఎవరూ సరిగా చెప్పలేదు, దవాఖానాకు వెళ్ళినందుకేనేమోనని ఆమె అనుమానం. చివర్లో ఆమె అంది: మోకాళ్ళ దాకా మంచులో నడుచుకుంటూ, ఆ ఆఫీసు చుట్టూ తిరిగామండీ.

మా ఆవిడ ఫోన్ పక్కన పెట్టి, కిటికీలోంచి ఎండకు తెల్లగా మండుతున్న వీధిని చూపించింది. "బహ్రెయిన్‌లో మంచు ఎక్కడ పడిందండీ? మన ఫ్రిజ్‌లోనా?"

నేను నోరు తెరిచాను. తెరవకుండా ఉండాల్సింది.

"ఏ దేశం రూలు ఆ దేశానిదే. మా క్లినిక్‌లో పళ్ళ డాక్టర్ లేరు గానీ, ఇక్కడ విజిట్ మీద వచ్చినవాళ్ళు కూడా గవర్నమెంటు హెల్త్ సెంటర్లో ఫీజు కట్టి చూపించుకుంటారు. నేను రోజూ చూసే పనే కదా. ఒక్క మాట అడిగితే పోయేదిగా?"

"నీకు తెలిస్తే బలవంతంగా తీసుకెళ్తావని."

"తీసుకెళ్తాను. భార్యగా కాదు, మీ కఫీల్‌గా చెబుతున్నా. చెప్పులేసుకోండి. యల్లా, పదండి."

దారంతా నాకు భయమే. నొప్పికి కాదు. ఒకవేళ పెద్దన్న మాటే నిజమైతే? కౌంటర్ దగ్గర నా పేరు కొట్టగానే, ఎక్కడో ఒక ఆఫీసులో నా దరఖాస్తు మీద ఎర్ర గీత పడితే? ఈ పన్ను తీయించుకుని, ఆవిణ్ణి పోగొట్టుకుంటానా? హెల్త్ సెంటర్ తలుపు దగ్గర ఆగి, "ఇంకొక్క రోజు ప్రార్థించి చూద్దామా?" అన్నాను.

"ఇన్ని రోజులు ప్రార్థించారుగా. జవాబు వచ్చింది. లోపల తెల్ల కోటు వేసుకుని కూర్చుంది. పదండి."

నాకంటే మంచి ప్రసంగం అది.

కౌంటర్లో నల్ల అబాయా వేసుకున్న బహ్రెయినీ ఆవిడ నా పాస్‌పోర్ట్ చూసి, ఇంగ్లీషూ హిందీ కలిపి, "స్పాన్సర్ ఎవరు?" అని అడిగింది.

మా ఆవిడ చెయ్యెత్తింది. కౌంటర్ ఆవిడ ఆమెను చూసింది, నన్ను చూసింది, నా బుగ్గను చూసింది. నవ్వు ఆపుకోవడానికి పెదవులు బిగించింది.

"మంచివాడేనా? పారిపోడు కదా?"

"ఈ బుగ్గతో ఎక్కడికి పోతాడు?"

ఇద్దరూ చిన్ననాటి స్నేహితుల్లా పకపకా నవ్వారు. నేను మాత్రం కౌంటర్ మీదకు వంగి అడగాల్సింది అడిగేశాను. "మేడమ్, నా రెసిడెన్స్ కాగితం ఆఫీసులో ఉంది. ఇది అక్కడికి వెళ్తుందా? వాళ్ళు నన్ను పంపేస్తారా?"

ఆవిడ నవ్వడం ఆపింది. నా భయం కనిపించినట్టుంది. "భాయ్, ఇది డాక్టర్‌కు వెళ్తుంది. నీ పన్నుతో వీసా ఆఫీసు వాళ్ళు ఏం చేసుకుంటారు? కూర్చో."

డాక్టర్ సూది వేశాడు. ఇకనైనా నొప్పి లేకుండా ప్రార్థించవచ్చనుకున్నాను. మొదలుపెట్టేలోపే పన్ను బయటికి వచ్చేసింది. దూది కుక్కి, "గట్టిగా కరిచిపట్టు. ఎల్లుండిదాకా పాటలూ వద్దు, ప్రసంగాలూ వద్దు" అన్నాడు. ప్రసంగాల సంగతి ఎవరు చెప్పారో నేను అడగలేదు. నా కఫీల్ గోడ కేసి చూస్తోంది.

వసారాలో బెంచీ మీద కూర్చున్నాం. మందుల కోసం మా నంబర్ పిలవాలి. ఆవిడ ఫోన్ టింగుమంది. అలాంటి మెసేజ్‌లు పూచీదారుకే వస్తాయి కదా. చదివింది. మళ్ళీ చదివింది. ఫోన్ నా ముందు పెట్టింది.

మంజూరైంది.

"హల్లెలూయ!" అన్నాను. అన్నాననే అనుకున్నాను. "అయ్యేఊయా" అని వచ్చింది. దూది ఎగిరి ఎదుటి బెంచీ కింద పడింది. మా ఆవిడ నవ్వుతూనే కళ్ళు తుడుచుకుని, పర్సులోంచి కొత్త దూది తీసి, "నోరు తెరవండి" అంది. సంతోషంతో నోరు మూతపడితే కదా, తెరవడానికి!

మర్నాడు శుక్రవారం. సాక్ష్యం చెప్పాల్సిన ఘడియ. దేవుడు చేసిన మేలు సంఘం ఎదుట నిలబడి చెప్పడం మా ఆచారం. పుట్టి బుద్ధెరిగాక నేను దాన్ని ఒక్కసారీ వదులుకోలేదు. పెద్దన్న మైకు నా చేతికిచ్చాడు. నేను దాన్ని మా ఆవిడకిచ్చాను.

"అదేంది తమ్మీ! తలకాయ నువ్వు. నువ్వుండంగ సిస్టర్ చెప్పుడా?"

మా ఆవిడ లేచి నిలబడింది. "నొప్పి తలకే వచ్చిందన్నా. నొప్పి ఉన్నచోట పని నాది."

చెప్పింది. ఖర్జూరం గింజ, తువాలు, రెండో చెంప, మంచు, ఎగిరిపడ్డ దూది. ఏదీ వదల్లేదు. అక్కలు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. వంతు నాకిచ్చిన ఆ తమ్ముడు, "అన్నా, అయితే ఆ దినం నేను తిన్న బిర్యానీ నీ పన్ను పుణ్యమా!" అని అరిచాడు. నేను దవడ పట్టుకుని తలూపాను. పెద్దన్న మొదట బిక్కమొహం వేశాడు. మంచు మాట వచ్చేసరికి ఆయనే అందరికంటే ముందు నేలమీద కూర్చుని నవ్వాడు. "వారీ, నేను గది మూడుసార్లు విన్న! దుబాయిల మంచేందని నాకు సోయే లేకపాయె!"

మొదటి మనిషి ఒంటరిగా ఉండటం మంచిది కాదని దేవుడు అతనికి ఒక తోడును చేసి ఇచ్చాడని నేను ఎన్నిసార్లు బోధించానో. సహాయం చేసేది ఆమె, చేయించుకునేది అతను. ఆ హాల్లో, మాట్లాడలేని నోటితో కూర్చుని, నేనా సంగతి ఏనాడూ ఇంత బాగా చెప్పలేదే అనుకున్నాను. స్తుతి కడుపులో కితకితలు పెడుతోంది. బయటికి రాలేదు గనుక రెట్టింపైంది.

ఆశీర్వాదం అయింది. అందరూ భోజనం వైపు వెళ్తారనుకున్నాను. ఎవరూ కదల్లేదు. పెద్దన్న మెల్లగా మా ఆవిడ దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించాడు.

"సిస్టర్, నాకు గూడ ఒక పన్ను ఉన్నది. చాన దినాల సంది. ఆ వాయిస్ విన్నప్పటి సంది పోలే."

"అన్నా, మీకు ఎప్పటి నుంచో రెసిడెన్స్ కార్డు ఉందిగా!"

"ఉన్నది. భయం గూడ ఉన్నది."

ఆయన వెనక ఇంకొకాయన మోకాలు పట్టుకుని నిలబడ్డాడు. అతని వెనక ఒక అక్క, తల తిరుగుతోందని. ఆ వెనక ఆ బిర్యానీ తమ్ముడు. చూస్తుండగానే వరస మెట్ల దాకా వెళ్ళింది. పెద్దన్న పంపిన ఆ వాయిస్ ఎంతమందిని ఇళ్ళల్లో కూర్చోబెట్టిందో అప్పుడు తెలిసింది.

మా ఆవిడ చేతులు కడుక్కుని వచ్చింది. "నేను చూసి, ఎవరు ఎక్కడికి వెళ్ళాలో చెబుతాను. వెళ్ళాల్సింది మాత్రం మీరే" అని, కుర్చీ కిటికీ దగ్గరికి లాగించింది. పెద్దన్న కూర్చుని, కళ్ళు గట్టిగా మూసుకుని, నోరు తెరిచాడు.

"ఏవండీ, మీ ఫోన్ లైటు వేయండి. కాస్త ఇటు. ఇంకా కిందికి."

నేను లైటు కిందికి పట్టాను.