మా బావి మీద వాయిదాలు

పంగుని ఉత్తరం పండగ నాడు, వేలూరు బాగాయంలో మా వీధి చివరి మురుగన్ గుడిలో పూజ అయిపోయాక, పక్కింటావిడ ఆకుదొప్పలో చింతపండన్నం తెచ్చి నా కుట్టుమిషను పక్కన పెట్టి పోయింది. వేయించి దంచిన నువ్వులు, నూనెలో మగ్గి నల్లబడిన చింతపండు గుజ్జు, ఇంగువ, ఎండుమిరపకాయలు. ఈ వాసన తగిలితే ఎవరికైనా గుడి గుర్తుకొస్తుంది, పండగ గుర్తుకొస్తుంది. నాకు మాత్రం భయం వేస్తుంది. యాభై దాటినదాన్ని, ఇద్దరు బిడ్డల తల్లిని, అయినా ఆ దొప్పను సాయంత్రం వరకూ ముట్టుకోలేకపోయాను.

ఎందుకంటే మా ఇంట్లో చింతపండన్నం పండగ వంట కాదు. పండగలకు మా అవ్వ పొంగలి పెట్టేది, బెల్లం పాయసం చేసేది, అలసంద వడలు కాల్చేది, కార్తీకంలో పేలాలు పాకం పట్టి ఉండలు చుట్టేది. చింతపండన్నం మాత్రం వాయిదా రోజున వండేది. గుడియాత్తం కోర్టుకు మా తాత పొద్దున బస్సుకు పోతే మళ్ళీ దీపాలు పెట్టే వేళకు గాని తిరిగొచ్చేవాడు కాదు. మధ్యాహ్నం దాకా చెడిపోని అన్నం అదొక్కటే కాబట్టి, అరిటాకులో మూటగట్టి, పాత పంచె ముక్కతో ముడివేసి ఇచ్చేది. కోడి కూయకముందే ఆ పోపు వాసన ఇల్లంతా పాకితే, పడకలో ఉండగానే నాకు తెలిసిపోయేది, ఇవాళ వాయిదా అని.

ఆ మాటకు అర్థం తెలియని వయసులో వాయిదా అంటే ఒక మనిషి అనుకునేదాన్ని. తాత వాయిదాకు పోయినాడు, వాయిదా ఇంకా దూరంగా ఉండాది, వాయిదా దగ్గరికొచ్చేసింది అని పెద్దవాళ్ళు అనుకుంటుంటే, గుడియాత్తంలో ఎక్కడో లుంగీ మగ్గాల సందులో కాళ్ళు చాపుకుని కూర్చుని, నెలకొకసారి మా తాతను పిలిపించుకునే నల్లటి మనిషొకడు కళ్ళముందు కనిపించేవాడు. వాడు ఒక్కోసారి మా ఊరివైపు నడిచి వస్తాడని కూడా నమ్మాను. దగ్గరికొచ్చేసింది అని అవ్వ అన్న రోజుల్లో వాకిట్లో ఆడుకోవడానికి పోయేదాన్ని కాదు.

పెళ్ళయి వేలూరు వచ్చాక జిల్లా గ్రంథాలయంలో తెలుగు అక్షరాలు నేర్చుకున్నాను. నేను చదివింది తమిళ బడి, మా ఇంట్లో అందరూ తెలుగు మాట్లాడేవాళ్ళే గాని రాత తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరు. పిల్లల వాచకంతో మొదలుపెట్టి, ఉన్న ఒకే ఒక తెలుగు బీరువాను రెండేళ్ళలో చివరి అర దాకా చదివేశాక, నేను మొట్టమొదట నిఘంటువులో వెతికిన మాట వాయిదా. అరబ్బీలో పుట్టి, పారసీ మీదుగా, ఆర్కాటు నవాబుల కచేరీల్లో రాతగాళ్ళ కలాల నుంచి వకీలు, తాలూకా, ఫిర్యాదు అనే మాటలతో పాటు మన నోళ్ళలోకి వచ్చిందట. పుట్టిన చోట దానికి మాట ఇవ్వడం అని అర్థం. ఫలానా రోజుకు చేస్తానని మాట ఇవ్వడం పోయి ఆ రోజే వాయిదా అయింది, ఆ తర్వాత శిస్తు కట్టే గడువు అయింది, చివరికి ఆ రోజు చేయకుండా ఇంకో రోజుకు తోసెయ్యడం అయింది. ఇప్పుడు చిత్తూరు వైపు మా బంధువులు పరీక్ష వాయిదా పడిందని, పెళ్ళి వాయిదా పడిందని ఫోనులో నవ్వుతూ చెప్తుంటారు. వేలూరు తమిళంలో ఆ మాట కోర్టు గడప దాటి రాదు. నాకు తెలిసిన వాయిదా కూడా అక్కడిదే.

కేసు మా తాతకూ, ఆయన సొంత తమ్ముడైన మా చిన్నతాతకూ మధ్య. రెండు ఇళ్ళకూ ఒకే గోడ, రెండు చేలకూ ఒకే బావి. నాలుగు రోజులు మాకు, నాలుగు రోజులు వాళ్ళకు అని వాళ్ళ నాయన పెట్టిపోయిన వంతు ఎక్కడో తప్పింది, ఎవరు తప్పారో నాకు ఇప్పటికీ తెలియదు. తీర్పు వచ్చేదాకా ఇద్దరూ ఆ బావి నీళ్ళు తాకకూడదని కోర్టు చెప్పింది. మోటారు గదికి రెండు తాళాలు వేశారు, ఒకటి మాది, ఒకటి వాళ్ళది. అప్పటినుంచి ఆ ఇంటి నిప్పు మేము తెచ్చుకోలేదు, మా ఇంటి మజ్జిగ వాళ్ళు తాగలేదు. ఎదురుపడినా మాట లేదు. ఆడవాళ్ళకు నోరు ఊరుకోక కోళ్ళతో మాట్లాడేవారు. "సిగ్గులేని కోడీ, ఆ ఇంట్లో గింజలు మేసి మా ఇంట్లో గుడ్డు పెట్టను వచ్చినావా, నీకుండే తెలివి మనుషులకు లేకపాయనే" అని మా అవ్వ గోడకు వినిపించేలా అనేది. కాసేపటికి అవతలినుంచి చిన్నవ్వ తన పుంజుకు జవాబు చెప్పేది. పిల్లలం నవ్వుకునేవాళ్ళం, కానీ నవ్వు అయిపోయాక ఆ గోడ వైపు చూడాలంటే భయంగా ఉండేది.

ఆ బావి గట్టు మీద నేను ఆరు కనకాంబరం మొక్కలు నాటుకున్నాను. నాకు అప్పుడు తొమ్మిదేళ్ళు. మార్చిలో పంగుని నెల ఎండ మొదలయ్యేసరికి చేలు రెండూ బూడిద రంగుకు తిరిగాయి, వేరుశనగ ఆకులు మధ్యాహ్నానికి ముడుచుకుపోయేవి, మా నాయన గట్టున కూర్చుని బీడీ మీద బీడీ కాల్చేవాడు. బావిలో మాత్రం నీళ్ళు నిండుగా, నల్లగా, ఆకాశం ముక్కను పట్టుకుని కదలకుండా ఉండేవి. ఒక మధ్యాహ్నం అందరూ నడుము వాల్చిన వేళ, నా మొక్కలు తలలు వేలాడేయడం చూడలేక, చిన్న తపేలాకు తాడు కట్టి బావి అంచున బోర్లా పడుకుని నీళ్ళు తోడాను. మా బావికి పిట్టగోడ లేదు. రెండు తపేలాలు పోశాను. మూడోది పైకి లాగుతుంటే నా నీడ పక్కన ఇంకో నీడ పడింది.

చిన్నతాత. తలపాగా చేతిలో ఉంది, రొప్పుతున్నాడు, అవతలి చేను నుంచి పరుగెత్తి వచ్చినట్టున్నాడు. నా భుజం పట్టి వెనక్కి ఈడ్చి, తపేలాను కాలితో తన్నేశాడు. ఆయన నాతో మాట్లాడి రెండేళ్ళు అయింది.

"మళ్ళీ వాయిదా ఎప్పుడు?"

తెలియదన్నాను.

"ఈ తూరి తప్పకుండా రమ్మని చెప్పు మీ తాతను. చెప్పాల్సిన మాటొకటి ఉండాది."

ఇంతే అని వెళ్ళిపోయాడు. నేను తడి మట్టిలో కూర్చుండిపోయాను. కోర్టు తాకవద్దన్న నీళ్ళు నేను తాకాను. ఆయన చూశాడు. వాయిదా రోజున కోర్టులో చెప్తాడు, మా తాతను జైలుకు తీసుకుపోతారు. తొమ్మిదేళ్ళ బుర్రకు ఇందులో ఒక్క సందేహం కూడా రాలేదు. మర్నాడు చూస్తే బావికి వాళ్ళ వైపు అంచంతా ముళ్ళకంప పరిచి ఉంది. సాక్ష్యానికి గుర్తు పెట్టుకున్నాడనుకున్నాను.

ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. వాయిదాకు ఇంకా ఇరవై తొమ్మిది రోజులున్నాయని అవ్వ నాయనతో అంటుంటే విని, వంటింటి గోడ మీద బొగ్గుతో గీతలు గీసి రోజుకొకటి చెరిపేదాన్ని. గీతలు తగ్గేకొద్దీ అన్నం దిగడం మానేసింది. గచ్చకాయలాట ఆడుతూ మధ్యలో లేచి వచ్చేసేదాన్ని. తాత స్నానం చేసి విభూతి పెట్టుకుంటుంటే, నన్ను మోకాలి మీద కూర్చోబెట్టుకుని పాలగ్లాసులో చివరి గుక్క నాకు వదిలిపెడుతుంటే, ఇలా ఇంకెన్నిసార్లు అని లెక్కపెట్టుకునేదాన్ని. దిష్టి తగిలిందని అవ్వ ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసింది. చెప్పేస్తే ఏమయ్యేదో తెలియదు. చెబితే అది నిజమైపోతుందని భయం.

గీతలన్నీ చెరిగిపోయిన పొద్దున పోపు వాసన వచ్చింది. నేనూ వస్తానని తాత పంచె పట్టుకుని వదల్లేదు. అవ్వ రెండు దెబ్బలు వేసినా వదల్లేదు. చివరికి రానీలే అన్నాడు తాత.

బస్సులో తెలిసింది నాకు మొదటి వింత. మా ఊరికి ఒకటే బస్సు, అదే బస్సులో చిన్నతాత కూడా ఎక్కాడు. వాదీ ప్రతివాదీ ఇద్దరూ ఎక్కినారా, ఇంక విజిల్ ఊదొచ్చా అని కండక్టరు తమిళంలో ఎగతాళి చేస్తే బస్సంతా నవ్వింది. తాత నవ్వలేదు గాని జరిగి చోటిచ్చాడు. అన్నదమ్ములిద్దరూ ఒకే సీటులో, మధ్యలో నేను, వాళ్ళ మోకాళ్ళ మధ్య బిగుసుకుని. ఊరి పొలిమేర దాటేదాకా ఇద్దరూ కిటికీలోంచి చూశారు. దాటాక, నీ దగ్గు తగ్గిందా అని తాత అడిగాడు. తగ్గింది అన్నాడు చిన్నతాత.

కోర్టు వరండాలో వేపచెట్టు నీడ పడే చోట కూర్చున్నాం. ఎక్కడినుంచో అగ్గిపెట్టెల మందు వాసన, వీధిలో మగ్గాల చప్పుడు. మధ్యాహ్నం తాత మూట విప్పాడు. చిన్నతాత తన సంచిలోంచి ఉడకబెట్టిన గుడ్లు, మామిడికాయ ముక్కలు తీసి ఆకు మీద పెట్టాడు. రెండు చేతులూ ఒకే ఆకులో కలిశాయి. అవ్వ కట్టిన అన్నం ఇద్దరికి సరిపోయేంత ఉందని అప్పుడు చూశాను. ఎప్పుడూ అంతే కట్టేదని తర్వాత తెలిసింది. కొంచెం ధైర్యం వచ్చి ముద్ద నోట్లో పెట్టుకోబోతుంటే చిన్నతాత నా వైపు చూసి గొంతు సవరించుకున్నాడు.

"అన్నా, నీకొక మాట చెప్పల్ల."

తాత నన్ను కుళాయి దగ్గర చెంబు నింపుకు రమ్మన్నాడు. చెంబు నిండి పొర్లిపోతున్నా నేను కుళాయి కట్టలేదు. చెంబుతో తిరిగొచ్చాను. చిన్నతాత తుండుగుడ్డతో మొహం తుడుచుకుంటున్నాడు. తాత నన్ను చూసిన చూపు అంతకుముందు ఎప్పుడూ చూడనిది. అయిపోయింది అనుకున్నాను. కాసేపటికి బంట్రోతు పేర్లు పిలిచాడు, ఇద్దరూ లోపలికి పోయారు. నేను స్తంభాన్ని కావలించుకుని నిలబడ్డాను. ఎంతసేపో కాలేదు, ఇద్దరూ బయటికి వచ్చారు. వకీలు గడువు అడిగాడట, ఎండాకాలం సెలవులు అయ్యాక జూన్‌లో వాయిదా అట. తాత చేతికి సంకెళ్ళు లేవు. సంతోషించలేకపోయాను. జైలు జూన్‌కు జరిగింది, అంతే కదా అనుకున్నాను.

మర్నాడు తాత ముళ్ళకంప కొట్టి తెచ్చి మా వైపు బావి అంచున పరిచాడు. ఇద్దరూ కంచెలు వేసుకుంటున్నారు, ఇంక కొట్టుకోవడమే మిగిలిందనుకున్నాను. ఆ ఎండాకాలం మామిడిపళ్ళ రుచి నాకు గుర్తులేదు. జూన్ వాయిదా వచ్చింది, పోయింది, తర్వాతిదీ పోయింది. ఎవరూ ఎవరినీ జైలుకు తీసుకుపోలేదు. భయం ఒక రోజున తెగిపోలేదు, పాత నొప్పిలా అలా ఉండిపోయింది.

తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చినప్పుడు, తాత చూపు బాగా తగ్గి, వాకిట్లో మంచం మీద నా కూతుర్ని పొట్టమీద పడుకోబెట్టుకుని ఉన్నప్పుడు అడిగాను. అప్పటికి చిన్నతాత పోయి రెండేళ్ళు. నీళ్ళు తోడింది నేనే తాతా, చిన్నతాత చూసినాడు, కోర్టులో ఎందుకు చెప్పలేదో అన్నాను. తాత బిడ్డ వీపు నిమిరాడు.

"కోర్టు యాడమ్మా. బిడ్డ బావిలోకి వంగి ఉండాది, నడుము దాకా లోపలే ఉండాది అన్నా, ఎట్ల పరుగెత్తినానో తెలీదన్నా అని ఏడ్చినాడు వాడు. నెల దినాలు కడుపులో పెట్టుకోనుండినాడు."

మరి అప్పుడే వచ్చి చెప్పొచ్చు కదా అన్నాను.

"ఎట్ల వస్తాడు? ఆడోళ్ళకు చెప్తే ఊరంతా తెలుస్తాది, ఊరికి తెలిస్తే వకీళ్ళకు తెలుస్తాది. నీమీదికి వస్తాదని చెప్పలా. వాయిదా వస్తేనే కదమ్మా మాకు మాట."

ఆ నెలంతా గోడకు ఇవతల నేను గీతలు చెరుపుతుంటే, గోడకు అవతల ఇంకొకాయన నాకంటే పెద్ద భయంతో అదే తేదీ కోసం రోజులు లెక్కపెట్టాడన్నమాట. ఆయన పరిచిన కంప ఒక వైపే, మా వైపు అంచు ఆ నెలంతా ఖాళీగానే ఉంది. అటు అడుగు పెట్టే హక్కు ఆయనకు లేదు. 

తీర్పు వచ్చేసరికి చుట్టూ బోర్లు పడి బావిలో నీళ్ళే లేకుండా పోయాయి. ఇప్పుడు దాన్ని పూడ్చి ఇళ్ళ స్థలాలు వేశారు. కేసుల తేదీలు ఫోనుకే వస్తున్నాయి, వకీలు ఒక్కడు పోతే చాలు, అవతలివాడి మొహం చూడనక్కరలేదు. మా అమ్మ కర్మ రోజున మా అన్న భోజనానికి అందరినీ పిలిచి మా ఆయన్ను మాత్రం పేరు పెట్టి పిలవలేదని నేను ఆకు ముందునుంచి లేచి వచ్చేశాను. మా మధ్య మాటలు లేక మూడేళ్ళయింది. అన్న జోలార్పేటలో రైల్వేలో పనిచేసి రిటైరయ్యాడు. పోయిన నెల గుండెకు ఆపరేషను అయిందని ఎవరో చెప్తే తెలిసింది. ఫోను చేతిలోకి తీసుకుంటాను, మళ్ళీ పెట్టేస్తాను, వాడూ అక్కడ అదే చేస్తున్నాడేమో. మా వేలూరు పక్కనున్న కాట్పాడి స్టేషను నుంచి అటు రైళ్ళకు లోటు లేదు. కానీ మాకు కేసు లేదు. ఫలానా రోజున ఇద్దరూ రండి అని మా పేర్లు పిలిచేవాళ్ళు ఎవరూ లేరు.