కేకు వణకకూడదని

వీధిలో అందరూ ఆమెను కేకుల వదిన అంటారు, ఆమె వినకుండా. కోపం ముక్కు మీదే ఉండే ఆ మనిషి చేతుల్లోంచి అంత మెత్తని క్రీము పూలు ఎలా పూస్తాయో ఎవరికీ అంతుపట్టదు.

ఆ రోజు మెకానిక్ షెడ్డులో ఆమె నిప్పు తొక్కిన కోతిలా తిరుగుతోంది. పైకెత్తిన పెద్ద కారు కింద పళ్లెంలో నల్లటి నూనె. దాంట్లోంచి మాడిన వాసన. ఓవెన్‌లో మరిచిపోయిన కేకూ అలాగే వాసనేస్తుంది.

ఆ కారు ఏ గొప్పింటిదో, చేతులు మారి తనదాకా వచ్చింది. "కేకులమ్మడానికి ఏనుగెందుకే?" అని భర్త నవ్వాడు. కానీ గుంటల రోడ్డు మీద కూడా అది నీళ్ల మీద పడవలా సాగేది. వెనక మూడంతస్తుల కేకు నిద్రపోతున్నట్టుండేది. ఆ నిద్రను నమ్మే కొండమీది హోటల్ వాళ్లు ఆర్డర్లిచ్చారు. ఇప్పుడు గేరు దానంతటదే మారినప్పుడల్లా ఎవరో వెనకనుంచి తన్నినట్టు కారు ఎగురుతోంది. కిందటివారం ఒక తెల్ల కేకు నడుము విరిగింది. ఇంకొక్కటి విరిగితే వేరేవాళ్లను చూసుకుంటామన్నారు హోటల్ వాళ్లు.

"రెండే దార్లమ్మా," అన్నాడు మెకానిక్. "ఇదే గేర్‌బాక్సు విప్పి కాలిన ప్లేట్లు మార్చాలి. ఎన్నాళ్లు పడుతుందో చెప్పలేను. లేదంటే, గుద్దుకున్న బండిలోంచి తీసింది ఒకటుంది. రేపే బిగించేస్తా."

"అది మాడలేదని ఏంటి నమ్మకం?"

"నూనె చూశా. బాగానే ఉంది."

"నూనె చూశాడట! నేను పైన క్రీము చూపించి లోపల ఉడికిందంటే నువ్వు తింటావా?"

మెకానిక్ నవ్వు ఆపుకున్నాడు. "నా మీదెందుకమ్మా కోపం? అసలిది ఇంతగా ఎందుకు మాడిందో తెలియట్లేదు. బండి ఎవరు నడుపుతారు?"

"నేనే," అన్నాడు ఆమె మరిది, ఛాతీ విరిచి. "పువ్వులా నడుపుతా. హోటల్ గేటు ఎత్తు మీద ఉంది కదా, అక్కడ బ్రేకే తొక్కను. యాక్సిలరేటర్ కొంచెం తొక్కిపట్టి బండిని అలాగే నిలబెడతా. ముందుకు పోదు, వెనక్కి జారదు. కేకు వణకనే వణకదు."

"ఎంతసేపు?"

"గేటు తీసేదాకా."

మెకానిక్ రెంచీ కింద పడేశాడు. "అదేనయ్యా మాడ్చింది! చక్రాలు కదలకుండా ఇంజిన్ తిరుగుతుంటే ఆ వేడంతా ఎక్కడికి పోతుంది? ఈ గేర్‌బాక్సు నూనెలోకే. ఏ మహానుభావుడు నేర్పాడు నీకు?"

మరిది వదిన వైపు చూశాడు. చూడకుండా ఉండాల్సింది.

"ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా!" అన్నాడు మెకానిక్ మెల్లగా.

ఎవరి మీద పడాలా అని ఆమె కోపం షెడ్డంతా వెతికింది. కారు అమ్మినవాడు లేడు. గేటు కాపలావాడు లేడు. తన చేతులే కనిపించాయి, ఎక్కడా ఏమీ జారనివ్వని చేతులు. వాటిని చీర కొంగుకు గట్టిగా తుడుచుకుంది.

"ఇదే విప్పు."

"ఆలస్యమవుతుందమ్మా. రెండోది రేపటికల్లా..."

"దాన్ని ఎవడు ఎలా ఏడిపించాడో నాకేం తెలుసు? దీన్ని ఏడిపించింది నేనే. విప్పు! కాలిన ప్రతి ముక్కా నా ముందు తియ్యి."

బయటికొచ్చి హోటల్‌కు ఫోన్ చేసింది. "కారు వచ్చేదాకా అంతస్తులు విడివిడిగా తెస్తా. మీ వంటింట్లోనే పేరుస్తా. ఇష్టమైతే ఉండండి, లేకపోతే లేదు." అవతలివాళ్లు సరే అన్నారు. దానిక్కూడా ఆమెకు కోపమే వచ్చింది. విడివిడిగా తెమ్మని వాళ్లే ముందు అని ఉంటే కారు మాడేదా?

బాగైన కారులో మొదటి కేకు ఎక్కిన రోజు, ఎత్తు మీద గేటు మూసే ఉంది. మరిది కాలు అలవాటుగా యాక్సిలరేటర్ మీదే ఆగింది.

"బ్రేకు తొక్కు."

"కేకు వణుకుతుంది వదినా..."

"తొక్కమన్నానా!"

తొక్కాడు. కారు ఒక్కసారి తలూపింది. వెనక పై అంతస్తు మీది చక్కెర పువ్వు గజగజలాడింది. ఆమె సీట్లోంచి పూర్తిగా వెనక్కి తిరిగి దాన్ని కొరకొరా చూసింది.

పువ్వు ఆగిపోయింది.