ఎనిమిదో ఇంటి వంతు

మా నానమ్మ ఇమాంబీకి కోపం వస్తే అరవదు. పని ఆపేస్తుంది. అరుపైతే ఓర్చుకోవచ్చు గాని, ఆమె చేతులు కట్టుకుని అరుగు మీద కూర్చుంటే ఇంట్లో కోళ్లు కూడా చప్పుడు చేయకుండా నడుస్తాయి. పందొమ్మిది వందల డెబ్బై ఎనిమిదిలో ఆ కోపం ఒకసారి ఊరి మసీదు మీదికి మళ్లింది.

వర్ధన్నపేట అవతల ఆ ఊళ్లో ముస్లింల ఇళ్లు ఎనిమిదే. నమాజు చదివించే ముసలాయన చనిపోయాక పెంకుల మసీదుకు నాలుగేళ్లు ఇమాం లేడు. చివరికి అందరూ కలిసి సూర్యాపేట వైపు నుంచి వాజిద్ అనే పాతికేళ్ల మౌల్సాబును ఇమాముగా కుదుర్చుకున్నారు. మంగళవారం ఆయన బస్సు దిగాడు. చేతిలో రేకు పెట్టె, చంకలో గొడుగు. బంతిపూల దండలు వేసి వేసి ముఖం కనబడకుండా చేశారు. ఇమాంబీ దూది ఏకి పరుపులు కుట్టే మనిషి. ఆయన కోసం కొత్త పరుపు కుట్టి, తలలో దూది పింజలతోనే మోసుకొచ్చి మసీదు పక్క గదిలో పరిచింది. దాని మీద ఒకసారి పడుకుని, "మెత్తగనే ఉన్నది" అని తనకు తానే సర్టిఫికెట్ ఇచ్చుకుంది.

ఇమాముకు తిండి ఇంటింటి వంతు. ఒక్కో రోజు ఒక్కో ఇల్లు రెండు పూటలా వండి టిఫిన్ క్యారియర్ పంపాలి. వంతున్న ఇల్లే మసీదు లెక్కలో ఉన్న ఇల్లు. గురువారం మసీదు పెద్ద ఖాజా మొహినుద్దీన్ వంతుల చిట్టీ రాయించి తలుపుకు అతికించాడు. ఇమాంబీకి చదువు రాదు గాని వరుసలు లెక్కపెట్టడం వచ్చు. ఏడే ఉన్నాయి.

"మా ఇల్లేది, ఖాజా భాయ్?"

"వారానికి ఏడు రోజులేనాయె, ఇమాంబీ. ఎనిమిదో ఇంటిని యాడ వెట్టాలె? నీ మొగడు పోయె. నీ కొడుకు జమాల్ రామగుండంల లారీ తోల్తాండు. మొగోడు లేని ఇంటికి వంతెందుకు? ఫికర్ లేకుంట కూసో."

"ఎనిమిదో నాడు పొద్దు పొడువదా? వంతు రోజులకెందుకు కడ్తవ్, ఇండ్లకు కట్టు. ఎనిమిదిండ్లు తిరిగి మళ్ల మొదటికొస్తది."

ఖాజాకు లెక్క తెలియక కాదు. శుక్రవారం ఆయనది. అలా తిరిగితే జుమా నమాజు నాడు ఇమాముకు పలావు పెట్టే గొప్ప ఒక్కో వారం ఒక్కో ఇంటికి పోతుంది. "చిట్టీ అయిపోయింది" అని తువ్వాల దులుపుకుని వెళ్లిపోయాడు.

మసీదులో బావి లేదు, అడుగంతా బండ. నమాజుకు ముందు కాళ్లూ చేతులూ ముఖమూ కడుక్కునే నీళ్లు పక్కనే ఉన్న ఇమాంబీ చేదబావి నుంచే రావాలి. పదిహేనేళ్లుగా రోజూ పది బిందెలు మోసి తొట్టి నింపుతున్నది ఆమే. ఎవరూ అడగకుండా మొదలుపెట్టింది కనుక ఎవరికీ గుర్తు లేదు.

శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు మంది మగవాళ్లు పొలాల నుంచీ దుకాణాల నుంచీ వచ్చి, చొక్కా చేతులు మడిచి తొట్టి చుట్టూ చేరారు. తొట్టి అడుగున ఒక బల్లి ఉంది.

"ఇమాంబీ! నీళ్లేవి?" ఖాజా గోడ మీదుగా కేకేశాడు.

"బావిల."

"మోయలేదా?"

"వంతు లేని ఇంటికి మోతెందుకు, భాయ్? నీళ్లు నేను ఆపలే. తలుపు తీసే ఉన్నది. తాడున్నది, బొక్కెనున్నది. ఇంతమంది మొగోళ్లున్నరు, తోడుకోరి."

ఖాజాకు నడుము పట్టు. మిగతావాళ్లు ఆయన ముఖం చూస్తున్నారు, ఎవరూ కదలరు. "నీళ్లు లేనప్పుడు మట్టితోనే చేతులు మొఖం తుడుసుకోవచ్చు గద, మౌల్సాబ్?" అన్నాడు ఖాజా.

వాజిద్ గోడ అవతలికి చూశాడు. కొత్త కొలువు. మూడు రోజులుగా తింటున్నది ఈ మనుషుల అన్నమే. గొంతు సవరించుకుని, "బావి కండ్ల ముంగట ఉండంగ మట్టి చెల్లదు, పెద్దాయనా" అని, తానే ఇమాంబీ వాకిట్లోకి వెళ్లాడు.

"ఖాలమ్మా, తోడుకోవచ్చునా?"

"తోడుకో బిడ్డా. నా ఇంటి వంతు వస్తే ఏం పెడ్తనో అడుగవా?"

"ఏం పెడ్తవ్?"

"జొన్నరొట్టె, గోంగూర తొక్కు. పలావు లేదు. ఇప్పుడే చెప్తాన, తర్వాత మొఖం ముడుసుకోకు."

రెండు బొక్కెనలు తోడి ఆమె బిందెలో పోసేసరికి ఆయన అరచేతులు ఎర్రబడ్డాయి, సంగతంతా చెవిన పడింది. తిరిగొచ్చి తలుపు ముందు నిలబడ్డాడు. "వంతు ఇండ్లకే కడ్దాం."

"నిన్ను పెట్టుకున్నది మేము, మౌల్సాబ్!" అన్నాడు ఖాజా.

"మేమంటే ఏడిండ్లా, ఎనిమిదిండ్లా? చెప్తే నేనెవలకు చదివిస్తాన్ననో నాకు ఎరుకైతది."

అప్పుడే పలావు క్యారియర్ పట్టుకుని ఖాజా భార్య అనీస్ బేగం వచ్చింది. "ఒప్పుకోరాదుండి! శుక్రారం శుక్రారం పలావు నేను వండాలె, పేరు మీకు రావాలె. వద్దే వద్దు!" అంది. పదకొండు మంది నవ్వారు.

ఖాజా నేల చూస్తూ, "సరే. కింద జమాల్ ఇల్లు అని రాయుండి" అన్నాడు.

వాజిద్ రాశాడు. ఇమాంబీ నిండు బిందె చంకనెత్తుకుని మసీదు వాకిట్లోకి వచ్చింది. "ఏం రాసినవ్? చదువు."

"జమాల్ ఇల్లు."

ఆమె బిందెతో సహా వెనక్కి తిరిగింది. "కొట్టెయ్. జమాల్ రామగుండంల హోటల్ల తింటాండు. ఈడ పొయ్యి ఊదేది నేను."

"మసీదు తలుపు మీద ఆడిదాని పేరా!" ఖాజా గొంతు లేచింది.

"పదిహేనేండ్ల సంది ఆడిది మోసిన నీళ్లతోనే కడుక్కుంటానవ్ గద. మసీదు కూలిందా?"

బిందె తొణికింది. జుమా వేళ మించిపోతోంది. అందరి కళ్లూ బిందె మీదే. వాజిద్ జమాల్ పేరు కొట్టేసి, పక్కన ఇంకో పేరు రాశాడు. ఇమాంబీ మెడ చాచి ఆ అక్షరాల వైపు అనుమానంగా చూసింది.

"గింతేనా నా పేరు? జర పెద్దగ రాయి బిడ్డా. ఖాజా భాయ్‌కి కండ్లు ఆనుతలేవు."