కంచె కింద తొట్టి

ఖతార్లోని మెసైమీర్‌లో కంపెనీ వాళ్ళు సెక్యూరిటీ యూనిఫాం, బెల్టు, టార్చి, వాకీటాకీ చేతిలో పెట్టి పికప్ ఎక్కించారు. గంట తర్వాత ఎడారిలో దించారు. జులై నెల. పొద్దున ఏడింటికే బూట్లు కాలుతున్నాయి. చుట్టూ ఇసుక, ఒక గొర్రెల ఫారం, నాకో రేకుల గది.

మిలిటరీలో పదిహేడేళ్ళు సరిహద్దు కంచె కాసి రిటైరైనవాణ్ణి. మొదటి రోజే వాకీటాకీలో మేనేజరు హిందీలో ఆర్డరేశాడు: "పక్క ఫారం ఒంటెలు మన నీళ్ళకొస్తున్నాయి. కంచె వెయ్. ఇటు రాకూడదు."

ఇక్కడా కంచేనా, నా ఖర్మ!

పక్క ఫారంలో బావి ఉప్పెక్కింది. దాని యజమాని పట్టించుకోడు. ఒంటెలు కాసేవాడు సూడాన్ మనిషి. తాతల నాటి నుంచి మందలతో వానల వెంట తిరిగిన తెగ. ఏళ్ళ తరబడి వానలు మొహం చాటేశాయి. మేత కోసం రైతులతో కొట్లాటలయ్యాయి. మంద చచ్చింది, అతను ఇక్కడ తేలాడు. ఇక్కడా ఒంటెలు చస్తే ఉద్యోగం పోతుంది. వెనక్కి పోదామంటే ఏమీ మిగల్లేదు.

కంచె పూర్తికాకముందే అతని ఒంటె మా నీళ్ళ ట్యాంకర్ పైపు తొక్కి తెంపింది. ట్యాంకర్ డ్రైవరుది కోనసీమ తీరం. కర్ర తీశాడు. సూడాన్ మనిషీ తీశాడు.

"మాయ్ మాఫీ! ఊంట్ మర్ జాయేగా!" నీళ్ళు లేవు, ఒంటె చచ్చిపోతుందని అతని అరుపు.

మధ్యలో దూరాను. దెబ్బ నా వీపుకే తగిలింది.

"సిగ్గు లేదార మీకు? ఎండల కొట్టుకొని సస్తరా?" అని తిట్టి, ఇద్దర్నీ గదిలో కూర్చోబెట్టి టీ పోశాను. వచ్చీరాని హిందీలో సూడాన్ మనిషి తన గోడు చెప్పుకున్నాడు. డ్రైవరు గ్లాసు కింద పెట్టాడు.

"మా వీధిని సముద్రం మింగేసిందండి గురూగారూ. నీళ్ళెక్కువై నేను, నీళ్ళు లేక ఈడు, ఇద్దరం ఇక్కడే పడ్డాం. మన గొర్రెల నీళ్ళ తొట్టిని కంచె కిందకి లాగెయ్యండి."

ఆర్డరు కంచె వెయ్యమంది. వేశాను. తొట్టి ఎక్కడుండాలో ఆర్డర్లో లేదు. సగం ఇటు, సగం అటు. ఇటు గొర్రెలు, అటు ఒంటెలు. మర్నాటి నుంచి రోజూ పొద్దున్నే కంచె తీగకి ఒంటె పాల డబ్బా వేలాడేది. ఊరికే నీళ్ళు తీసుకోవడం వాళ్ళ తెగలో తలవంపులట.

ఎండాకాలం గడిచింది. ఒక్క ఒంటె చావలేదు, మళ్ళీ కర్ర లేవలేదు. కంచె కింద తొట్టి కాస్తా మేనేజరు కంటబడింది.

"కంచె ఉంది కద సార్!" అన్నాను.

"ఖలాస్! తొట్టి లోపలికి లాగు. నువ్వు యల్లా, నడు ఇంటికి."

గోడకి చెప్పుకున్నా నయం. ఆ సాయంత్రమే తొట్టి లాగేశారు. డ్రైవరు నా సంచీ సర్దుతూ, "దిగులు పడకండి. మన పైపు కంచె పక్కన రోజూ కాస్త కారుద్ది లెండి" అన్నాడు.

ఊళ్ళో ఇప్పటికీ అడుగుతారు: "మిలిటరీ మామా, దుబాయ్ల ఏసీ కింద కూసొని ఏం జూసినవ్?"

దుబాయ్ కాదురా, ఖతార్ అంటే ఒక్కడి బుర్రకెక్కదు. ఇక మిగతాది ఏం చెప్పను! నేను పికప్ ఎక్కిన పొద్దున తొట్టి లేదు. అటువైపు చుక్క నీరు లేదు. కంచె తీగకి పాల డబ్బా మాత్రం ఉంది. నిండా ఉంది.